తట్టి వినడం నుంచి అంకె దాకా

బేతంచెర్ల బండలు పరిచాక మేస్త్రీ వాటిని కర్రతో తట్టి చూస్తాడు. గుల్లగా మోగితే కింద మాలు పట్టలేదని అర్థం. పోయిన పంటి స్థానంలో దవడలో దించే మర, అంటే ఇంప్లాంట్, బిగిసిందా లేదా అన్నదీ చాన్నాళ్లు ఇలాగే తేల్చేవారు. స్వీడన్‌లో బ్రోనెమార్క్ 1965లో తొలి రోగికి టైటానియం మరలు అమర్చాక, కింది దవడకు మూడు నెలలు, పై దవడకు ఆరు నెలలు ఆగడం ఆనవాయితీ అయింది. గడువు తీరాక నోటి అద్దం పిడితో తట్టేవారు. ఖంగుమంటే మేలు, మొద్దుగా మోగితే అనుమానం. కానీ అందరి చెవులూ ఒకటి కావు. మరను వెనక్కి తిప్పి చూసే పరీక్ష కూడా వచ్చింది గానీ, మొక్క వేరు పట్టిందా అని పీకి చూడటం లాంటిదది. 1980ల్లో జర్మనీలో షుల్టే బృందం తెచ్చిన పీరియోటెస్ట్‌లో చిన్న కడ్డీ పంటిని తడుతుంది, ఆ స్పర్శ నిలిచిన కాలాన్ని పరికరం అంకెగా చూపుతుంది. అసలది సహజమైన పళ్ల కదలిక కోసం చేసింది. 1996లో నీల్ మెరిడిత్ దారి మార్చాడు: ఇంప్లాంట్‌ను కంపింపజేసి, అది ఏ పౌనఃపున్యంలో బాగా ఊగుతుందో పట్టుకున్నాడు. ఆ కొలతే తర్వాత 1 నుంచి 100 దాకా ఉండే ఐఎస్‌క్యూ అంకె అయింది.

ఐఎస్‌క్యూ 70 దాటితే ఇక ఇంప్లాంట్‌పై క్యాప్ వేసేయవచ్చు కదా అంటారు. ఆ అంకె చెప్పేది బిగువును. ఎముక టైటానియానికి అతుక్కుందని కాదు. మొదటి రోజు బిగువు మర ఎముకను ఒరుసుకుని పట్టిన పట్టు. పాత ఎముక కరిగి కొత్తది పుట్టే మూడు నాలుగు వారాల్లో ఆ పట్టు తరచూ సడలి, మళ్లీ పెరుగుతుంది. కాబట్టి ఒక్క అంకెను నమ్మలేం, దాని నడక చూడాలి. కర్నూలు, కడప జిల్లాల్లో ఈ జాగ్రత్త మరింత అవసరం. పలు ఊళ్ల బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగితే ఎముక చిక్కబడుతుంది, అయినా పెళుసెక్కుతుంది. అలాంటి దవడలో తొలి అంకె ఘనంగా వచ్చినా, మానడం సవ్యంగా సాగుతుందని దాన్నిబట్టి అనుకోకూడదు.

ఆదోని నుంచో పులివెందుల నుంచో బస్సెక్కి వచ్చే మనిషికి మాటిమాటికీ కొలత అంటే ఖర్చు, కూలి నష్టం కాదా? నిజమే. కానీ క్యాప్ తొందరపడి వేయనప్పుడు రెండు కొలతలు చాలు: మర బిగించిన రోజు ఒకటి, క్యాప్ కొలతలకు వచ్చినప్పుడు ఇంకొకటి. ఆ రెండు రోజులూ అతను ఎటూ రావలసిందే. రెండోసారి అంకె పడిపోతేనే మరో ప్రయాణం. అది తెలియాలంటే మొదటి రోజు అంకె కేస్ షీటులో రాసి ఉండాలి.