ఉలి ఎవరు చేశారో కూడా రాసుకుందాం

ఏటికొప్పాక లక్కబొమ్మల గురించి మనం చాలా చదివాం. వరాహ నది ఒడ్డు, అంకుడు కర్ర, 2017లో వచ్చిన జీఐ గుర్తింపు. పరీక్షకి అంత చాలు. కానీ తరిమెన మీద (ఇప్పుడందరూ లేతు అంటున్నారు) తిరిగే కర్రని చెక్కే ఉలి ఎక్కడిది? ఈ ప్రశ్న ఏ పేపర్లోనూ రాదు.

ఫ్యాక్టరీ ఉక్కు రాకముందు పనిముట్టు అంటే కమ్మరి కొలిమే. ఆ కొలిమికి ఇనుము కొండల్లోంచీ వచ్చేది: ఇనుపరాయి, బొగ్గు, మట్టి బట్టి, తోలు తిత్తి. మధ్య భారతంలో అగారియాలు ఇలా ఇనుము తీసేవాళ్ళు. వెరియర్ ఎల్విన్ 1942లో వాళ్ళ మీద ఒక పుస్తకమే రాశాడు. నిజామాబాద్ వైపు కోనసముద్రం ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. మన ఏజెన్సీ తెగల జాబితాలో కమ్మర పేరు ఉంది, వాళ్ళ చరిత్ర మాత్రం ఒక్క పేజీ కూడా మన చేతికి రాలేదు.

ఈ పని ఎందుకు ఆగింది? మనవాళ్ళకి చేతకాక కాదు. 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత రిజర్వు అడవిలో బొగ్గు కాల్చడం నేరమైంది. అదే కాలంలో సీమ ఇనుము చవగ్గా దిగింది. బట్టి చల్లారింది గానీ కొలిమి ఆరలేదు. రాయి బదులు పాత ఆకురాయి, లారీ కమాను పట్టీ వచ్చాయి.

మొన్న సెలవుల్లో మేమూ ప్రయత్నించాం. పాత ఆకురాయిని నేరుగా సానపట్టి ఉలి చేసి, తిరిగే కర్రకి ఆనించాం. టప్పున విరిగింది. అదృష్టం, కళ్ళకి తగల్లేదు. తాత చూసి నవ్వలేదు, తిట్టాడు. "ఇనుము కోపం తగ్గించకుండా పనికి పెడితే ఇరిగిపోద్దిరా."

తర్వాత ఆయన చెప్పినట్టు చేశాం. ఎర్రగా కాల్చి బూడిదలో రాత్రంతా వదిలేస్తే మెత్తబడింది. ఆకారం తెచ్చాం. మళ్ళీ ఎర్రగా కాల్చి నూనెలో ముంచాం. ఎంత కాలాలో తెలీక అయస్కాంతం పెట్టి చూశాం, అంటుకోవడం మానేస్తే చాలినంత కాలినట్టే. తాతకి అది అక్కర్లేదు, నీడలో ఎరుపు చూసి చెప్పేశాడు. ఇక అసలు పని: మొన తోమి, మెల్లగా వేడిచేసి, ఎండుగడ్డి రంగు రాగానే ఆపాలి. నీలం దాకా పోతే పదును నిలవదు. మాది ఒకసారి నీలమైపోయింది, మళ్ళీ మొదలెట్టాం.

రెండో ఉలి ఇంకా పనిచేస్తోంది. పిడి అంకుడుదే.

మీ ఊరి దగ్గర ఇనుపచిట్టెం గుట్టలు ఉన్నాయా? పొలం దున్నితే నల్లగా, బరువుగా, బొరియలతో రాళ్ళు తగులుతాయి, అవే. ఆ చోటు పేరు, అక్కడ ఎవరు పని చేసేవారని మీ తాతలు, అవ్వలు చెప్తారో రాసి పంపండి. మా తాతకి ఇప్పుడు చెవులు సరిగా వినపడటం లేదు.