లైసెన్సు ఆయుధాలు – మద్యపానం : నిబంధనల వివరణ

నిజామాబాద్ నగరంలోను, బోధన్ చెరకు ప్రాంతంలోను ఆయుధ లైసెన్సుల అధికారి పోలీసు కమిషనరు. 2016 అక్టోబరులో కమిషనరేట్ ఏర్పడక పూర్వం ఈ అధికారం జిల్లా కలెక్టరుకు ఉండేది.

మత్తు పదార్థాలకు బానిస కాదని తెలిపే వైద్య ధ్రువపత్రాన్ని దరఖాస్తుదారు సమర్పించవలసి ఉంటుంది. 2016 ఆయుధ నిబంధనలలోని 32వ నియమం ప్రకారం బహిరంగ ప్రదేశాలలో తుపాకీని పూర్తిగా కప్పి ఉంచాలి; దానిపై లైసెన్సుదారుకు సమర్థమైన అదుపు ఉండాలి.

వాహనచోదకులకు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు పరిమితి కాగా, ఆయుధధారులకు అటువంటి కొలతను ఆయుధాల చట్టం నిర్ణయించలేదు. కల్లు గాని, మద్యం గాని సేవించిన వ్యక్తికి ఆయుధంపై అదుపు ఉన్నదా లేదా అన్నదే కీలకాంశం.

వివాహాలు, జాతరలు, ఊరేగింపులలో తుపాకీని ఝళిపించడం, పేల్చడం నిషిద్ధం. నిర్లక్ష్యంగా కాల్చి ఇతరుల ప్రాణాలకు ముప్పు కలిగించినవారికి 2019లో సవరించిన ఆయుధాల చట్టం సెక్షన్ 25(9) క్రింద 2 సంవత్సరాల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. లైసెన్సు షరతుల ఉల్లంఘనకు సెక్షన్ 30 క్రింద 6 నెలల వరకు జైలు, రూ.2,000 వరకు జరిమానా, లేదా రెండూ వర్తిస్తాయి.

ప్రజాభద్రత దృష్ట్యా సెక్షన్ 17 క్రింద లైసెన్సును సస్పెండు లేదా రద్దు చేయవచ్చు. ఇందుకు తూటా పేలేవరకు వేచి ఉండనవసరం లేదు.