క్లీనర్ సీటు నుంచి స్టీరింగ్ దాకా.. హెవీ లైసెన్సుకు దారి ఇదీ

* కారు లైసెన్సు పొందిన ఏడాదికే లారీకి అర్హత
* ఇరవై ఏళ్లు నిండితేనే అవకాశం
* ఎనిమిదో తరగతి నిబంధన 2019లోనే రద్దు

జగ్గయ్యపేట: విజయవాడ-హైదరాబాద్ జాతీయ రహదారి వెంబడి ఉన్న పల్లెల్లో చదువు మధ్యలో ఆపేసిన యువకులకు అందుబాటులో ఉన్న ఉపాధి లారీ. సిమెంటు కర్మాగారాలు, మిర్చి, పత్తి, ధాన్యం రవాణా ఏళ్ల తరబడి ఎన్నో కుటుంబాలకు కూడు పెడుతున్నాయి. మొదట క్లీనరుగా ఎక్కడం, రెండు మూడేళ్లు డ్రైవరు వెంట తిరగడం, రాత్రివేళ రద్దీ తగ్గాక స్టీరింగ్ అందుకోవడం.. ఇదే ఇక్కడి విద్యాభ్యాసం. పని వస్తుంది కానీ చేతికి కాగితం రాదు. ఫలితంగా పదేళ్ల అనుభవం ఉన్నవారు సైతం సక్రమమైన లైసెన్సు లేక క్లీనరు బత్తాతోనే సరిపెట్టుకుంటున్నారు. మరికొందరు దళారుల చేతిలో వేలకు వేలు పోస్తున్నారు. నిజానికి ఈ ప్రక్రియ చట్టంలో స్పష్టంగానే ఉంది. తెలుసుకొని ఓపికగా నడిస్తే ఎవరి సిఫారసు అవసరం లేదు.

ఏ బండికి ఏ లైసెన్సు?

మోటారు వాహనాల చట్టం-1988 ప్రకారం సరకుతో కలిపి మొత్తం బరువు 7,500 కిలోలకు మించని వాహనాలు తేలికపాటి (ఎల్‌ఎంవీ) వర్గంలోకి వస్తాయి. 12,000 కిలోలు దాటిన సరకు వాహనాలు భారీ వర్గం కిందకు చేరతాయి. ఈ రెంటికీ నడుమ ఉన్నవి మధ్యతరహా. ఊళ్లలో తిరిగే చిన్న ట్రాలీ ఆటోలు, పికప్ వ్యాన్లు మొదటి వర్గానివి. ఆరు చక్రాల పెద్ద లారీ మొదలు పది, పన్నెండు, పద్నాలుగు చక్రాల బండ్లన్నీ భారీ వాహనాలే.

తేలికపాటి సరకు వాహనాల విషయంలో చాలాకాలం సందిగ్ధం ఉండేది. కారు లైసెన్సుతో సరకు వ్యాను నడపవచ్చా అనే ప్రశ్నపై బీమా సంస్థలు కోర్టులకు వెళ్లాయి. నడపవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. 2024 నవంబరు 6న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం అదే మాటను ఖరారు చేసింది. 7,500 కిలోల లోపు వాహనానికి ఎల్‌ఎంవీ లైసెన్సు చాలు. ప్రమాదకర సరకు తీసుకెళ్లే వాహనాలకు మాత్రం ఇది వర్తించదు. ఆ బరువు దాటితే లైసెన్సులో రవాణా వాహనం నడిపే అనుమతి తప్పక ఉండాలి.

వయసు, చదువు

రవాణా వాహనం నడపాలంటే ఇరవై ఏళ్లు నిండాలి. అంతేకాదు, ఎల్‌ఎంవీ లైసెన్సు చేతికి వచ్చి కనీసం ఏడాది గడవాలి. ఆ తరువాతే భారీ వాహనానికి ఎల్‌ఎల్‌ఆర్ ఇస్తారు. ఈ రెండు షరతుల్లో ఏది ఆలస్యంగా పూర్తయితే దానినే లెక్కలోకి తీసుకోవాలి.

ఉదాహరణకు పద్దెనిమిదేళ్లకే కారు లైసెన్సు తీసుకున్న యువకుడికి పంతొమ్మిదికే ఏడాది పూర్తవుతుంది. అయినా ఇరవై వచ్చేదాకా ఆగాలి. ఇరవై రెండేళ్లకు కారు లైసెన్సు పొందిన వ్యక్తి వయసు సరిపోయినా ఇరవై మూడు వరకు ఎదురుచూడక తప్పదు. లారీ పనిలోకి రావాలనుకునే వారు పద్దెనిమిది నిండగానే ఎల్‌ఎంవీ లైసెన్సు పొందడం మేలనడానికి కారణం ఇదే. క్లీనరుగా తిరిగే కాలం వృథా కాకుండా ఈ గడువు అందులోనే కలిసిపోతుంది.

చదువు విషయంలో పాత భయం ఇంకా పోలేదు. రవాణా వాహన చోదకుడు ఎనిమిదో తరగతి ఉత్తీర్ణుడై ఉండాలన్న నిబంధనను కేంద్రం 2019లో తొలగించింది. బడి మానేసిన వారు దొంగ ధ్రువపత్రాల కోసం పరుగులు తీయాల్సిన పని ఇప్పుడు లేదు.

శిక్షణ తప్పనిసరి

కారు లైసెన్సుకు ఇంట్లోవారి వద్ద నేర్చుకున్నా సరిపోతుంది. రవాణా వాహనానికి అలా కుదరదు. గుర్తింపు పొందిన డ్రైవింగ్ స్కూలు ఇచ్చే ఫారం-5 ధ్రువపత్రం జత చేయాలి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం ఈ శిక్షణ ముప్ఫై రోజులకు తగ్గకూడదు. అభ్యర్థి స్వయంగా వాహనం నడిపిన సమయం కనీసం పదిహేను గంటలుండాలి. డబ్బు తీసుకొని బండి ఎక్కించకుండానే ధ్రువపత్రం చేతిలో పెట్టే చోట చేరితే నష్టపోయేది అభ్యర్థే. చేరే ముందు స్కూలుకు లైసెన్సు ఉందో లేదో, శిక్షణకు సొంత భారీ వాహనం ఉందో లేదో చూసుకోవాలి.

2021 జులై నుంచి మరో మార్గం అందుబాటులోకి వచ్చింది. ప్రభుత్వ గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల్లో భారీ వాహనాలకు ఆరు వారాల్లో 38 గంటల కోర్సు ఉంటుంది. అక్కడ ఉత్తీర్ణులైన వారికి రవాణా కార్యాలయంలో మళ్లీ డ్రైవింగ్ పరీక్ష ఉండదు. తెలంగాణలో రాజన్న సిరిసిల్ల జిల్లా మండేపల్లిలో, మన రాష్ట్రంలో ప్రకాశం జిల్లా దర్శిలో పెద్ద శిక్షణ సంస్థలు ఏర్పాటయ్యాయి. ఆర్టీసీ సైతం భారీ వాహనాల శిక్షణ ఇస్తోంది. సీట్లు, రుసుముల వివరాలు సమీప డిపోలో అడిగి తెలుసుకోవచ్చు.

వైద్య ధ్రువపత్రం

దరఖాస్తుతో పాటు వైద్యుడు సంతకం చేసిన ఫారం-1ఏ ఇవ్వాలి. ఇరవై అయిదు మీటర్ల దూరంలోని నంబరు ప్లేటును పగటి వెలుగులో చదవగలగాలి. కళ్లద్దాలతో చదవగలిగినా అభ్యంతరం లేదు. రంగుల గుర్తింపు, రేచీకటి, వినికిడి, మూర్ఛ వంటి అంశాలను వైద్యుడు పరిశీలించాలి. దీనిని మొక్కుబడి కాగితంగా చూడరాదు. రాత్రంతా ఎదురు దీపాల వెలుగులో ప్రయాణించే డ్రైవరుకు చూపే ఆధారం. కంటి లోపం ముందే బయటపడితే అద్దాలతో సరిపోతుంది.

పరీక్ష ఇలా..

రవాణా శాఖ వెబ్‌సైటులో స్లాట్ నమోదు చేసుకొని ఎల్‌ఎల్‌ఆర్ పొందాలి. దీని గడువు ఆరు నెలలు. పొందిన ముప్ఫై రోజుల తరువాత డ్రైవింగ్ పరీక్షకు వెళ్లవచ్చు. ఈలోపు నేర్చుకునే సమయంలో బండికి ముందూ వెనకా ఎర్ర రంగు 'ఎల్' గుర్తు ఉండాలి. పక్క సీటులో ఆ తరహా వాహనానికి లైసెన్సు ఉన్న శిక్షకుడు కూర్చోవాలి.

పరీక్షలో గేర్లు మార్చడం, మలుపు తిప్పడం, నిర్దేశిత హద్దుల్లో వెనక్కి తీసుకోవడం, ఎత్తుపై ఆపి బండి జారకుండా మళ్లీ కదిలించడం, అద్దాలు చూసుకోవడం, సంకేతాలు ఇవ్వడం వంటివి పరిశీలిస్తారు. అనుభవం ఉన్న క్లీనర్లు ఎక్కువగా తప్పేది నడపడంలో కాదు, సంకేతాలు, అద్దాల వద్ద. విఫలమైతే ఏడు రోజుల తరువాత మళ్లీ రావచ్చు. మూడుసార్లు తప్పితే చివరి పరీక్ష నుంచి అరవై రోజులు ఆగాలి.

రుసుములు

కేంద్రం 2016 డిసెంబరులో సవరించిన రుసుముల ప్రకారం ఎల్‌ఎల్‌ఆర్‌కు రూ.150, డ్రైవింగ్ పరీక్షకు రూ.300, ఉన్న లైసెన్సులో కొత్త తరగతి చేర్చడానికి రూ.500 చెల్లించాలి. వీటిపై రాష్ట్ర సేవా రుసుములు అదనం. డ్రైవింగ్ స్కూలు ఫీజు వేరు. మొత్తం ఖర్చులో అదే పెద్ద భాగం. అంతకుమించి ఎవరైనా కార్యాలయం పేరు చెప్పి అడిగితే రసీదు కోరాలి.

కార్డుపై రెండు తేదీలు

లైసెన్సు కార్డుపై సొంత వాహనాలకు ఒక గడువు, రవాణా వాహనాలకు మరో గడువు ఉంటాయి. మొదటిది చూసుకొని రెండోది మరిచిపోవడం సర్వసాధారణం. రవాణా గడువు గతంలో మూడేళ్లు ఉండేది. 2019 సవరణతో అయిదేళ్లయింది. గడువుకు ఏడాది ముందు నుంచే పునరుద్ధరణకు దరఖాస్తు చేసుకోవచ్చు. గడువు ముగిసి ఏడాది దాటితే మళ్లీ డ్రైవింగ్ పరీక్ష తప్పదు. గతంలో గడువు తీరాక ముప్ఫై రోజులు లైసెన్సు చెల్లేది. ఆ వెసులుబాటును అదే సవరణ తొలగించింది. గడువు తీరిన మర్నాడు స్టీరింగ్ పట్టినా లైసెన్సు లేనట్లే లెక్క.

పెట్రోలు, గ్యాస్, రసాయనాల ట్యాంకర్లు నడిపేవారికి ప్రత్యేక అనుమతి కావాలి. ఇందుకు మూడు రోజుల శిక్షణ పొందాలి. ఆ అనుమతి గడువు మూడేళ్లు.

లైసెన్సు లేకుంటే..

లైసెన్సు లేకుండా నడిపితే రూ.5,000 జరిమానా లేదా మూడు నెలల జైలు, కొన్ని సందర్భాల్లో రెండూ పడవచ్చు. బండి ఇచ్చిన యజమానికీ అంతే శిక్ష. స్టీరింగ్ పట్టింది పద్దెనిమిది నిండని క్లీనరైతే పరిస్థితి ఇంకా తీవ్రం. యజమానికి లేదా సంరక్షకుడికి మూడేళ్ల వరకు జైలు, రూ.25,000 జరిమానా, వాహన రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు అవుతాయి. ఆ కుర్రవాడికి ఇరవై అయిదేళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. 'రెండు కిలోమీటర్లే కదా, పట్టుకో' అని డ్రైవరు నిద్రకు ఒరిగితే ఒక యువకుడి బతుకుతెరువు ఏళ్ల తరబడి ఆగిపోవచ్చు.

ప్రమాదం జరిగితే నష్టం జరిమానాతో ఆగదు. చోదకుడికి సక్రమ లైసెన్సు లేదని తేలితే బీమా సంస్థ బాధితులకు ముందుగా పరిహారం చెల్లించి, ఆ మొత్తాన్ని యజమాని నుంచి రాబట్టుకునేలా న్యాయస్థానాలు ఆదేశించడం పరిపాటి. ఒకే లారీ ఉన్న చిన్న యజమానికి అది బండి అమ్మినా తీరని అప్పు.

నిర్లక్ష్యంతో మరణానికి కారకులైతే 2024 జులై 1 నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహిత ప్రకారం అయిదేళ్ల వరకు జైలు పడవచ్చు. ప్రమాదం చేసి పారిపోతే పదేళ్ల శిక్ష అన్న ఉపవిభాగంపై 2024 జనవరిలో డ్రైవర్లు ఆందోళన చేయడం, పెట్రోలు బంకుల వద్ద బారులు తీరడం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. సంహిత అమల్లోకి వచ్చినప్పుడు ఆ ఉపవిభాగాన్ని మాత్రం పక్కన పెట్టారు.

చేతికొచ్చాక కాపాడుకోవాలి

అధిక లోడు, మద్యం, సెల్‌ఫోన్ మాట్లాడుతూ నడపడం, ఎర్ర దీపం దాటడం, సరకు లారీలో మనుషులను ఎక్కించడం వంటి తప్పులకు కనీసం మూడు నెలలు లైసెన్సు నిలిపివేయాలని 2015లో సుప్రీంకోర్టు కమిటీ రాష్ట్రాలను ఆదేశించింది. పెళ్లికో, జాతరకో ఊరివారు అడిగారని లారీ తీస్తే మూడు నెలల జీతం పోయినట్లే. అధిక లోడుకు రూ.20,000, ఆపై ప్రతి టన్నుకు రూ.2,000 చొప్పున జరిమానా ఉంది. లోడు ఎత్తించేది యజమాని అయినా రోడ్డుపై నిలబడేది డ్రైవరే. అందుకే బయలుదేరే ముందు వేబ్రిడ్జి చీటీ చూసుకోవాలి.

అయిదుగురు, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే రవాణా సంస్థల్లో రోజుకు ఎనిమిది గంటలు, వారానికి 48 గంటలే పని అని 2025 వరకు అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం చెప్పేది. అయిదు గంటలు నడిపాక కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలని కూడా అందులో ఉండేది. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే మధ్యతరహా, భారీ సరకు లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి చేశారు.

దరఖాస్తుకు ఆధార్, చిరునామా ధ్రువీకరణ, ఎల్‌ఎంవీ లైసెన్సు, ఫారం-1ఏ, ఫారం-5, ఫొటోలు సిద్ధం చేసుకోవాలి. లైసెన్సు వచ్చాక దానిని డిజీలాకర్‌లో భద్రపరచుకుంటే తనిఖీల్లో అసలుకు బదులుగా చూపవచ్చు. కార్డుపై రవాణా గడువు తేదీని ఇంట్లో క్యాలెండరుపై రాసి ఉంచితే, డ్రైవరు ఏ రాష్ట్రంలో ఉన్నా ఇంటివారు ఫోను చేసి గుర్తు చేయగలుగుతారు.