"సిస్టర్, నా కౌంట్స్ వచ్చినయా?"

చెప్పులు బయటే విప్పి రండి. తలుపు పక్కన గోడకు బిగించిన సీసా నొక్కి రెండు చేతులూ బాగా రుద్దుకోండి. మాస్కు ముక్కు మీదికి లాక్కోండి. ఇది హైదరాబాద్‌లో ఒక క్యాన్సర్ ఆసుపత్రి, పిల్లల వార్డు. పొద్దున ఆరున్నర. ఫినాయిలు, స్పిరిటు, ఎవరో అప్పుడే మూత తీసిన సాంబారు వాసన కలిసి ఎదురొస్తాయి. గోడల నిండా ఏనుగులు, జిరాఫీలు. ఎక్కడో ఓ చంటిది గుక్కపట్టి ఏడుస్తోంది. కిటికీ పక్క మంచం మీద మాత్రం పదహారేళ్ల అమ్మాయి కాళ్లు ముడుచుకుని కూర్చుంది. మిర్యాలగూడ దగ్గర ఊరు. ఇంటర్ ఫస్టియర్, బైపీసీ.

"సిస్టర్, నా కౌంట్స్ వచ్చినయా?"

ఈ వార్డులో తెల్లవారగానే వినిపించే మొదటి మాట ఇదే. చీకటుండగా తీసిన రక్తం రిపోర్టు మీదే ఆ రోజంతా ఆధారపడి ఉంటుంది. న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు 500 కంటే తక్కువుంటే ఏ చిన్న ఇన్‌ఫెక్షనైనా ప్రాణం మీదికి తేవచ్చు. అలాంటప్పుడు జ్వరం 100.4 డిగ్రీలు చేరిందంటే గంటలోపు యాంటీబయాటిక్ ఎక్కించాలి. ఇంటికి పంపే మాటే ఉండదు. సిస్టర్ కాగితం తెచ్చి నేరుగా అమ్మాయి చేతికే ఇచ్చింది. పక్కన తల్లి తొంగి చూస్తోంది.

"నూట యాభై! నిన్న నూట పదే గదమ్మా."

దిండు కింది నుంచి లాంగ్ నోట్‌బుక్ తీసింది. స్కేలుతో గీసిన గడులు. హిమోగ్లోబిన్‌కు ఎర్ర పెన్ను, ప్లేట్‌లెట్లకు ఆకుపచ్చ, తెల్లకణాలకు నీలం. ఇవాళ్టి గడి నింపి, తేదీ కింద సన్నగా ఓ గీత గీసింది.

ఆ పుస్తకం దాకా రావడం అంత సులువుగా జరగలేదు. చేరిన రోజు వాళ్ల నాన్న డాక్టర్ గది గుమ్మంలోనే చేతులు జోడించాడు. "సార్, బిడ్డకు చెప్పొద్దు. రక్తం తక్కువైందని చెప్పినం." ఆయన ప్రేమను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ అప్పటికే ఆ అమ్మాయి కేసు షీటు మీద రాసిన మూడక్షరాలను ఫోన్‌లో కొట్టి చూసుకుంది. ఏ.ఎల్.ఎల్. అంటే అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా. రక్త క్యాన్సర్. ఇంట్లోవాళ్లు బాధపడతారని తనకు తెలిసినట్టు వాళ్లకు తెలియనివ్వలేదు. ఆమె దగ్గర వాళ్లు దాచారు, వాళ్ల దగ్గర ఆమె దాచింది. ఏడవాల్సిన ముగ్గురూ వేర్వేరు చోట్ల ఏడ్చారు.

డాక్టర్ తండ్రిని ఒప్పించాక, స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చుని అమ్మాయితోనే మాట్లాడారు. మొదటి విడత సుమారు నెల. మొత్తం వైద్యం రెండేళ్ల పైమాటే. పదహారేళ్లు వచ్చినా పిల్లల పద్ధతిలోనే మందులిస్తారు, ఈ జబ్బుకు ఈ వయసులో అదే మెరుగ్గా పనిచేస్తుంది. అంతా విని ఆమె అడిగినవి మూడే. జుట్టు ఊడుతుందా? పరీక్షలు రాయగలనా? "మా చెల్లె నా పక్కల్నే పండుకుంటది సార్, దానికి అంటుకుంటదా?" ఆ మూడో ప్రశ్నను ఎన్నాళ్లు మోసిందో! అంటుకోదని చెప్పగానే భుజాలు దిగాయి.

తొమ్మిదిన్నర. ఇవాళ విన్‌క్రిస్టిన్ ఎక్కించే రోజు. మన ఇళ్ల ముందు ఎవరూ నాటకుండానే పూసే బిళ్ళగన్నేరు మొక్క నుంచి వచ్చిన మందు ఇది. "కేథరాంథస్ రోజియస్" అని బైపీసీ అమ్మాయి మనకే పాఠం చెబుతుంది. నరాలను కూడా దెబ్బతీసే మందు కావడంతో దవడలు సలుపుతాయి, విరేచనం బిగుసుకుంటుంది, పాదాలు లేవవు. అందుకే ఫిజియోథెరపిస్టు రోజూ మడమల మీద నడిపిస్తుంది.

"టిఫిన్ చేశాక పెట్టమంటావా, ఇప్పుడే పెట్టేయనా?" అని సిస్టర్ అడిగింది.

"ఇప్పుడే. తెర వేయండి. అమ్మా, నువ్వు జర బయట కూసో."

తల్లి ముఖం చిన్నబోయింది. అయినా లేచి వెళ్లింది. మందు వద్దనే వీలు ఆ అమ్మాయికి లేదు, ఉన్నట్టు నటిస్తే అది మోసం. కానీ ఎప్పుడు, ఎవరు పక్కనుండాలి, తెర తీసి ఉంచాలా మూయాలా అన్నవి ఆమెవే. ఒంటిని పదిమంది తడిమి చూసే చోట ఆ చిన్న చిన్న నిర్ణయాలే పదహారేళ్ల మనిషిని మనిషిగా నిలబెడతాయని నా గట్టి నమ్మకం. నెలసరి సంగతి కూడా తెర వెనకే, తల్లి లేనప్పుడే సిస్టర్ అడుగుతుంది. ప్లేట్‌లెట్లు పడిపోయినప్పుడు రక్తస్రావం ఆగకపోవచ్చు, దాన్ని ఆపే మాత్రలున్నాయి. అడిగేవాళ్లు లేకపోతే సిగ్గుతో నోరు విప్పని పిల్లలే ఎక్కువ.

మధ్యాహ్నం మేనత్త ఫోన్. జుట్టు గుప్పెళ్లుగా ఊడుతుంటే అమ్మాయి మొన్ననే గుండు గీయించుకుంది. "ఎవరన్నా అడిగితే తిరుపతి మొక్కని చెప్తున్నం బిడ్డా."

"నేను తిరుపతి పోలేదత్తా. దవాఖానల ఉన్న. అట్లనే చెప్పు."

ఫోన్ పెట్టేసి కాలేజీ స్నేహితురాలికి వీడియో కాల్ చేసింది. ఆ పిల్ల గుండు చూసి ఒక్క క్షణం ఆగి, వెంటనే బోటనీ లెక్చరర్ కొత్త కళ్లజోడు గురించి మొదలుపెట్టింది. ఇద్దరూ పడీపడీ నవ్వుతున్నారు. ఈ అరగంటను ఏ మందుల చీటీలోనూ రాయరు, రాయాలి.

ఎదురు గదిలో పదిహేనేళ్ల కబడ్డీ ఆటగాడు. మోకాలి దగ్గర ఎముకలో ఆస్టియోసార్కోమా, అంటే ఎముక క్యాన్సర్. పెద్ద మోతాదులో మెథోట్రెక్సేట్ అనే మందు నడుస్తోంది. కిడ్నీలు దెబ్బతినకుండా సెలైన్ ఆపకుండా పోస్తారు, మూత్రం క్షారంగా ఉందో లేదో పట్టీ ముంచి చూస్తారు. ఆ పట్టీ రంగు ఇప్పుడు అతనే చూసి చెబుతాడు. జిరాఫీ బొమ్మల మధ్య అతనికి ఇరుకు, తాతయ్యల వార్డులో దిగులు. లండన్‌లోని మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో టీనేజ్ క్యాన్సర్ ట్రస్ట్ 1990లోనే ఈ వయసువాళ్లకు ప్రత్యేక వార్డు తెరిచింది. మనకూ అలాంటివి కావాలి. అందాకా మంచం పక్కన ఒక ప్లగ్గు, చదువుకోను ఒక బల్ల, ఈ ఇద్దరూ కౌంట్స్ బాగున్న రోజు క్యారమ్స్ ఆడుకోను ఒక మూల ఇవ్వడానికి భవనాలు కట్టనక్కర్లేదు.

రాత్రి రెండు. చికిత్సలో ఇచ్చే స్టెరాయిడ్ల ఆకలికి అమ్మాయి నిద్ర లేచింది. పులిహోర కావాలంది. పొద్దున చేయిస్తానంటే తల్లి మీద అరిచి, ఆ వెంటనే ఏడ్చింది. తల్లీ ఏడ్చింది. సిస్టర్ వచ్చి బిస్కెట్ ప్యాకెట్ చించి ఇస్తూ, ఆ కోపం మందుది కూడా అని ఇద్దరికీ చెప్పింది. తల్లి కునుకు తీశాక అసలు ప్రశ్న వచ్చింది.

"మూలకున్న పాప ఇంటికి పోలేదు గదా సిస్టర్? నేను గూడ చచ్చిపోతనా?"

"ఛఛ, అవేం మాటలు" అనడం మనందరికీ అలవాటు. సిస్టర్ అలా అనలేదు. కూర్చుంది. "ఆ పాప చనిపోయింది తల్లీ. ఆమె జబ్బు వేరు, నీది వేరు. నీ వయసువాళ్లలో చాలామంది దీని నుంచి బయటపడుతున్నారు. నీకు మందు ఎలా పనిచేస్తుందో నెలాఖరులో ఎముక మజ్జ పరీక్షలో తెలుస్తుంది. ఏమొచ్చినా డాక్టర్ నీకే చెప్తారు. భయమేస్తే బెల్ కొట్టు, నేను తెల్లారేదాకా ఉంటాను."

అమ్మాయి నోట్‌బుక్ తీసి నెలాఖరు తేదీ దగ్గర "మజ్జ" అని రాసుకుంది. ఇంకో బిస్కెట్ అడిగింది.

మీకు తెలిసిన పిల్లో పిల్లాడో ఇలా ఆసుపత్రిలో ఉంటే, బయల్దేరే ముందు ఆ పిల్లనే అడగండి, రమ్మంటావా అని. వద్దంటే నొచ్చుకోకండి, రేపు మళ్లీ ఫోన్ చేయండి. జలుబు ఉంటే అసలే వెళ్లకండి. వెళ్తే ఆ పిల్లను పక్కనపెట్టి తల్లిదండ్రులతోనే మాట్లాడకుండా, ఆ పిల్లతో మాట్లాడండి. ఇంకేమైనా చేయాలనిపిస్తే ఆ ఆసుపత్రి బ్లడ్ బ్యాంకులో ప్లేట్‌లెట్ల దాతగా పేరు రాయించుకోండి. ప్లేట్‌లెట్లు సాధారణంగా ఐదు రోజులకు మించి నిల్వ ఉండవు, దాతలు ఎప్పటికప్పుడు కావాల్సిందే.