పాత కుట్టు, తర్వాతి కాన్పు

మైలవరం, జి.కొండూరు, రెడ్డిగూడెం వైపు ఊళ్లలో ఒక మాట అందరి నోటా వినిపిస్తుంది. మొదటి కాన్పు ఆపరేషనైతే రెండోదీ ఆపరేషనే. పక్కింటి పిన్ని అంటుంది, స్కానింగ్ సెంటర్ బయట బల్ల మీద కూర్చున్న ముక్కూమొహం తెలియని ఆవిడా అంటుంది. వింటే మన పెద్దవాళ్ల అనుభవంలోంచి వచ్చిన మాటలా ఉంటుంది గానీ, దాని పుట్టిల్లు న్యూయార్క్. 1916లో ఎడ్విన్ క్రేగిన్ అనే ప్రసూతి వైద్యుడు రాసిన వ్యాసంలో ఈ అర్థం వచ్చే వాక్యం ఒకటుంది. వాక్యం మన దాకా వచ్చింది. అది ఏ రకం కోత గురించి రాసిందో మాత్రం దారిలో జారిపోయింది.

క్రేగిన్ నాటికి గర్భసంచిని కోసేది పైభాగంలో, నిలువుగా. కోసిన సంచికి కుట్లు వేయడమన్నదే అప్పటికి ముప్పై చిల్లర ఏళ్ల ముచ్చట. 1876లో ఇటలీలో పోరో అనే వైద్యుడు తల్లి ప్రాణం నిలపడానికి బిడ్డను తీశాక గర్భసంచినే తీసేశారు. 1882లో జర్మనీలో మాక్స్ సేంగర్ సంచిని పొరలుగా కుట్టి నిలబెట్టవచ్చని చూపించాకే ‘తర్వాతి కాన్పు ఎలా’ అన్న ప్రశ్న గట్టిగా తలెత్తింది. సంచే లేకపోతే ఇంకో కాన్పెక్కడిది?

నొప్పుల్లో బిగుసుకుని బిడ్డను కిందికి తోసేది ఆ పైభాగమే. బలమంతా పడే చోట మచ్చ ఉంటే అది విచ్చుకునే ప్రమాదం నూటికి నాలుగు నుంచి తొమ్మిది దాకా ఉంటుందని ఇప్పటి లెక్క. నొప్పులు మొదలవకముందే విచ్చుకున్న సందర్భాలూ ఉన్నాయి. కాబట్టి క్రేగిన్ భయం ఉత్తదేం కాదు. కానీ ఆయన ఆ మాట రాసింది తోటి డాక్టర్ల చెయ్యి పట్టుకుని ఆపడానికి. మొదటి కోత తేలిగ్గా పెట్టకండి, అది ఆ తల్లిని తర్వాతి కాన్పుల్లోనూ వెంటాడుతుంది అని. ఆపరేషన్ తర్వాత ముగ్గురిని మామూలుగా కన్న తల్లి తన దగ్గరే ఒకరున్నారని కూడా చెప్పుకున్నారు. జనంలో మిగిలింది ఆ హెచ్చరికలో రెండో సగం ఒక్కటే.

అసలు మలుపు 1920లలో వచ్చింది. గ్లాస్గోలో మన్రో కెర్ కోతను గర్భసంచి కింది భాగానికి దించి, అడ్డంగా పెట్టే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. ఆ భాగం పలచన, నొప్పుల్లో పెద్దగా బిగుసుకోదు. కుట్టు బాగా అతుక్కుంటుంది, నెత్తురూ తక్కువ పోతుంది. అలాంటి ఒక్క కోత ఉన్న తల్లికి నొప్పులు వచ్చి కాన్పుకి ప్రయత్నిస్తే కుట్టు విచ్చుకునేది సుమారు రెండు వందల మందిలో ఒకరికి. నూటికి డెబ్బై అయిదు మంది దగ్గరదగ్గరగా మామూలుగానే కంటారు. అంతకుముందే ఒక బిడ్డను మామూలుగా కని ఉంటే ఆ లెక్క ఎనభై అయిదు దాటుతుంది.

ఇక్కడ ఒక విషయం ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే చదువుకున్నవాళ్లూ పొరబడుతుంటారు. పొట్ట మీద కనిపించే మచ్చను బట్టి లోపలి కోత తెలియదు. బొడ్డు కింద నిలువుగా మచ్చ ఉన్నవారికి లోపల సంచి మీద అడ్డకోతే ఉండొచ్చు. పైన సన్నగా అడ్డగీత ఉన్నంత మాత్రాన లోపలా అంతే అనుకోడానికీ లేదు. నెలలు నిండని బిడ్డకో, అడ్డం తిరిగిన బిడ్డకో కొన్నిసార్లు లోపల నిలువుకోత తప్పదు. సంగతి తెలిసేది ఆపరేషన్ నోట్స్ చూస్తేనే. మన డిశ్చార్జి కాగితాల్లో చాలావాటి మీద తేదీ, బిడ్డ బరువు, మందుల చీటీ ఉంటాయి. లోపల ఏ కోత పెట్టారో, ఎందుకు పెట్టారో రెండు ముక్కలు ఉండవు. ఉన్నా, పుట్టింటి బీరువాలో చీరల కింద ఎక్కడో ఉంటుంది. రెండో కాన్పు నాటికి డాక్టరు చేతిలో కాగితం లేదంటే, జాగ్రత్తపరుడైన ఏ డాక్టరైనా ఆపరేషన్ వైపే మొగ్గుతాడు.

ఇక మన వైపు సంగతికొస్తే, కృష్ణా గుంటూరు సీమలో ఆస్పత్రి కాన్పుల చరిత్ర అంటే ముందు అన్నా సారా కుగ్లర్ పేరు చెప్పుకోవాలి. 1883లో గుంటూరు వచ్చిన ఈ అమెరికన్ లూథరన్ వైద్యురాలి ఆస్పత్రి 1898లో తెరుచుకుంది. కుగ్లర్ ఆస్పత్రి అంటే ఇప్పటికీ ఆ ఊళ్లో దారి చెబుతారు. ఆ రోజుల్లో మంత్రసాని చేతులెత్తేశాక, రెండు మూడు రోజుల నొప్పుల తర్వాత, బండి మీదో పడవ మీదో తీసుకొచ్చేవారు. యాంటీబయాటిక్స్ లేవు, రక్తనిధి లేదు. కడుపు కోయడమంటే తల్లి ప్రాణాన్ని పణంగా పెట్టడమే. 1930లో కుగ్లర్ పోయేనాటికీ పరిస్థితి పెద్దగా మారలేదు.

మద్రాసు ఎగ్మోర్ ప్రసూతి ఆస్పత్రిలో పనిచేసిన ఆర్కాట్ లక్ష్మణస్వామి మొదలియార్ పుట్టింది మన కర్నూలులోనే. 1938లో వచ్చిన ఆయన ప్రసూతి వైద్య గ్రంథం తరతరాల వైద్యవిద్యార్థులకు పాఠ్యపుస్తకమైంది. బెజవాడలో కొమర్రాజు లక్ష్మణరావు గారి కూతురు డాక్టర్ అచ్చమాంబ ప్రాక్టీసు పెట్టారు. తెలుగు ఆడవాళ్లు స్వయంగా చదువుకునేలా ‘ప్రసూతి, శిశుపోషణ’ మీద పుస్తకం రాశారు. 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకూ వెళ్లారు. కాన్పు గురించి తల్లికి తెలియాలి, తెలుగులో తెలియాలి అని ఆవిడ అనుకోవడమే నాకు పెద్ద విషయంగా కనిపిస్తుంది. ఇవాళ విజయవాడ సూర్యారావుపేటలో ఏ నర్సింగ్ హోమ్‌కి వెళ్లినా ఆపరేషన్ సమ్మతి పత్రం ఇంగ్లీషులో ఉంటే ఆశ్చర్యపోయేవాళ్లు లేరు.

అమెరికాలో 1980లో జాతీయ ఆరోగ్య సంస్థ నిపుణులను కూర్చోబెట్టి, క్రేగిన్ నాటి పాత నియమాన్ని పక్కన పెట్టొచ్చని తేల్చింది. అక్కణ్నుంచి పదిహేనేళ్లు ఉధృతి. 1996 నాటికి పాత ఆపరేషన్ ఉన్న తల్లుల్లో నూటికి 28 మంది మామూలుగా కన్నారు. ఇన్సూరెన్సు కంపెనీలు కూడా ఖర్చు తగ్గుతుందని వెనక నుంచి నెట్టాయి. అలా నెట్టినచోట తగని వాళ్లకూ ప్రయత్నించారు, కుట్లు విచ్చుకున్నాయి, కోర్టు కేసులయ్యాయి. 1999లో అక్కడి ప్రసూతి వైద్యుల సంఘం, ఆపరేషన్ చేయగల బృందం అక్కడికక్కడే సిద్ధంగా ఉండాలంది. చిన్న ఆస్పత్రులు తలుపులు మూసేశాయి. 2001లో వాషింగ్టన్ రాష్ట్రపు లెక్కలు అచ్చయ్యాయి. నొప్పులు రాకముందే ఆపరేషన్ చేస్తే కుట్టు విచ్చుకున్నది వెయ్యికి 1.6, నొప్పులు వాటంతటవే వస్తే 5.2, ప్రోస్టాగ్లాండిన్ మందులు పెట్టి నొప్పులు రప్పిస్తే 24.5. నేర్చుకోవాల్సిన పాఠం ఆ మూడో అంకెలో ఉంది: పాత కుట్టు ఉన్నవాళ్లకు ఆ మందులు పెట్టొద్దు. జనం, డాక్టర్లు నేర్చుకున్నది మాత్రం అసలు ప్రయత్నమే వద్దని. 2006 నాటికి ఆ 28 కాస్తా తొమ్మిది లోపుకి పడిపోయింది.

ఈ కాలక్రమాన్ని మన కాలక్రమం పక్కన పెట్టి చూస్తే ఒకటి తెలుస్తుంది. అమెరికాలో ధైర్యం ఉచ్చస్థాయిలో ఉన్నప్పుడు మన దగ్గర పాత కుట్టు ఉన్న తల్లులే తక్కువ. 1992–93 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద ఆపరేషన్ కాన్పులు నూటికి మూడు. మన ఊళ్లలో ఆ తల్లులు లెక్కకు తేలేసరికి అక్కడ తలుపులు మూసుకుంటున్నాయి. పైగా 1995లో శాంత కేసులో సుప్రీంకోర్టు వైద్యాన్ని వినియోగదారుల చట్టం కిందికి తెచ్చింది. ఆస్పత్రుల మీద దాడులు ఎక్కువై 2008లో ఆంధ్రప్రదేశ్ ప్రత్యేక చట్టమే చేసుకోవాల్సి వచ్చింది. ఆపరేషన్ చేసి ఇబ్బందొస్తే ‘డాక్టరు చేయగలిగింది చేశారు’ అంటారు. నార్మల్‌కి ట్రై చేసి ఇబ్బందొస్తే ‘చేతులు కట్టుకుని కూర్చుంది’ అంటారు. అందుకని డాక్టరమ్మనొక్కదాన్నే తప్పుపట్టలేను.

ఇదంతా బయటి నుంచి వచ్చిన కారణం. మన ఇళ్లలో పుట్టిన కారణం ఇంకోటుంది, నా లెక్కలో అదే బలమైనది. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు నూటికి డెబ్బై మంది పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. దేశంలోనే పెద్ద అంకెల్లో ఇదొకటి. ఇద్దరు పుట్టగానే కుటుంబ నియంత్రణ (కు.ని.) ఆపరేషన్, అదీ పాతికేళ్లలోపే. రెండో కాన్పు దగ్గరికొచ్చేసరికి అత్తగారి మాట ఒకటే: ‘ఎట్టాగూ పిల్లలు కాకుండా కోయించుకోవాలి గదమ్మా, అదీ ఇదీ ఒకేసారి అయిపోద్ది. నొప్పులు పడ్డం దేనికి?’ ఎదురు చెప్పడం కష్టం. సెలవూ ఒక్కసారే, ఆస్పత్రి బిల్లూ ఒక్కసారే, తోడుండే మనిషీ ఒక్కసారే. తేదీ మన చేతిలో ఉంటుంది కాబట్టి నక్షత్రం చూసి పంతులుగారు ముహూర్తమూ పెడతారు. మామూలు కాన్పయ్యాక కు.ని. ఆపరేషన్‌కి బొడ్డు కింద అంగుళం చిల్లర కోత చాలు, వారంలోపు చేసేస్తారు, గర్భసంచి జోలికే పోరు. రెండూ ‘కోతే’ అయినా ఒకటి కాదు. ఈ తేడాను కూర్చోబెట్టి చెప్పే మనిషి ఎక్కువచోట్ల లేరు.

ఫలితం 2019–21 సర్వేలో కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు ఆపరేషన్లు, ప్రైవేటులో 63, ప్రభుత్వాస్పత్రుల్లో 27 లోపు. తెలంగాణలో మొత్తం మీదే 60 దాటింది. ఒకసారి మొదటి కాన్పుల్లో ఈ అంకె పెరిగాక, పాత కుట్టు ఉన్నవాళ్లే ఆపరేషన్ గదిలో పెద్ద గుంపు అవుతారు. మైకేల్ రాబ్సన్ 2001లో ప్రతిపాదించిన పది వర్గాల పట్టికలో వాళ్లది అయిదో వర్గం. ప్రపంచంలో చాలా ఆస్పత్రుల ఆపరేషన్ లెక్కల్లో అదే పెద్ద వాటా.

మరి మైలవరంలో ఉన్న తల్లి నార్మల్‌కి ట్రై చేస్తానంటే? కుట్టు విచ్చుకుంటే ముందు తెలిసేది బిడ్డ గుండె చప్పుడు పడిపోవడంలో. నొప్పికీ నొప్పికీ మధ్య కూడా ఆగని పోటు, నెత్తురు, తల్లి నాడి వేగం ఆ వెంటనే. అప్పుడు బిడ్డను తీయడానికి చేతిలో ఉండేది నిమిషాలే. అందుకే నొప్పులున్నంతసేపూ బిడ్డ గుండెను చూసే మిషన్, అక్కడే మత్తు డాక్టరు, తన గ్రూపు రక్తం కావాలి. మైలవరం నుంచి విజయవాడ నలభై కిలోమీటర్ల దగ్గర. ఇబ్రహీంపట్నం దాకా జాతీయ రహదారే, 2005లో మొదలైన 108 కూడా ఉంది. అయినా నొప్పుల మధ్యలో ఆ దారి పట్టే పని కాదిది. నొప్పులు మొదలవగానే పెద్దాస్పత్రిలో చేరాలి, లేదా ముందుగానే విజయవాడలో చుట్టాలింట్లో ఉండాలి. మత్తు డాక్టరును ఫోన్ చేసి పిలిపించుకునే చోట, రాత్రిపూట ఒక్క నర్సు ఉండే చోట ఈ ప్రయత్నం వద్దనే అంటాను. అదే సదుపాయం ఉన్నచోట, మొదటిసారి బిడ్డ ఎదురుకాళ్లతో ఉండటం వల్ల ఆపరేషనై, అది అడ్డకోతే అయి, రెండేళ్ల ఎడం ఉన్న తల్లికి అడిగే హక్కుంది. ఆమెకు అవకాశాలు బాగానే ఉన్నాయి. 2004లో దాదాపు పద్దెనిమిది వేలమంది తల్లుల మీద వచ్చిన అమెరికా అధ్యయనంలో నూటికి 73 మంది కన్నారు, కుట్టు విచ్చుకున్నది వెయ్యికి ఏడుగురికి.

నొప్పుల్లో పక్కన కూర్చునే మనిషి గురించీ ఇక్కడ ఆలోచన మొదలైంది. హైదరాబాదులో 1948లో మొదలైన ఫెర్నాండెజ్ ఆస్పత్రి మిడ్‌వైఫ్‌లకు శిక్షణనిస్తోంది. తెలంగాణ ప్రభుత్వం వాళ్లతో కలిసి నర్సులను తయారుచేసింది. 2018లో కేంద్రం మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు తెచ్చింది. పాత ఆపరేషన్ తర్వాత మామూలుగా కనడానికి వాడే ‘వీబ్యాక్’ అనే మాట హైదరాబాదు కోడళ్ల నోట వినిపిస్తోంది. నార్మల్ కాన్పులకు లక్ష్యాలు పెట్టి సిబ్బందిని తరమడం మాత్రం నాకు నచ్చదు. 1990లలో అమెరికా కాలు జారింది సరిగ్గా అక్కడే.

ఇప్పుడు కథ ఇంకో మలుపు తిరుగుతోంది. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ, ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధనను ఎత్తేసింది. ముఖ్యమంత్రి చంద్రబాబు ఎక్కువమందిని కనమని సభల్లో చెబుతున్నారు. రెండు ఆపరేషన్లయిన తల్లి మూడో బిడ్డ అనుకుంటే ఎలా? కు.ని. అయినవాళ్లు ట్యూబులు మళ్లీ కలిపించుకుని రావడం కూడా ఉన్నదే. రెండు పాత కోతల తర్వాత ప్రయత్నించిన తల్లుల మీద 2010లో వచ్చిన సమీక్షలో నూటికి 71 మంది మామూలుగా కన్నారు. కుట్టు విచ్చుకున్నది మాత్రం వెయ్యికి పద్నాలుగు దాకా. ఇది అనుభవమున్న పెద్దాస్పత్రి పని. మూడో ఆపరేషన్ కూడా ఉచితం కాదు. మాయ కిందికి దిగి గర్భసంచి ద్వారానికి అడ్డంగా ఉందనుకోండి. మొదటి ఆపరేషన్ అప్పుడు అది సంచి గోడలోకి చొచ్చుకుపోయే అవకాశం నూటికి మూడు. రెండో ఆపరేషన్‌కి పదకొండు, మూడోదానికి నలభై. అలా చొచ్చుకుపోతే బిడ్డను తీశాక నెత్తురు ఆగదు, పోరో నాటిలాగే సంచి తీసేయాల్సి రావచ్చు. అందుకని రెండు కోతలున్న తల్లి అయిదో నెల స్కానింగ్‌కి వెళ్తే, నార్మలా ఆపరేషనా అన్న మాటకంటే ముందు అడగాల్సింది మాయ ఎక్కడుంది, పాత కుట్టు మీదుందా అని. కిందికే ఉందంటే ఏడో నెలలో మళ్లీ చూపించుకుని, కాన్పు తేదీకంటే ముందు రక్తదాతల పేర్లు రాసిపెట్టుకోవాలి.