ఊరు రెండోసారి పరుగు తీసింది

1984 డిసెంబరు రెండో వారం. భోపాల్ రైల్వే స్టేషన్‌లో కాలు పెట్టే సందు లేదు. మూటలు, ట్రంకు పెట్టెలు, చంకల్లో పిల్లలు. గ్యాసు లీకై పది రోజులు దాటినా ఊరు మళ్లీ ఖాళీ అవుతోంది. యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీలో మిగిలిపోయిన విషరసాయనం మిథైల్ ఐసోసయనేట్‌ను పురుగుమందుగా మార్చి ఖాళీ చేయడానికి 16న ప్లాంటు నడుపుతామని ప్రభుత్వం ప్రకటించింది. ఫ్యాక్టరీ చుట్టూ తడి గోనెపట్టాలు కట్టారు. హెలికాప్టర్లతో నీళ్లు చల్లించారు. భయపడొద్దని ముఖ్యమంత్రి అర్జున్ సింగ్ అభయమిచ్చారు. అయినా లక్షకు పైగా జనం ఆగలేదు.

ఎలా ఆగుతారు? డిసెంబరు 2 అర్ధరాత్రి దాటాక ఏం జరిగిందో వాళ్లు కళ్లారా చూశారు. ఫ్యాక్టరీ ఎదుట ఉన్న జేపీ నగర్ వాసులు ఆ రాత్రి గురించి చెప్పేదంతా దాదాపు ఒక్కటే. నిద్రలో దగ్గు తెర. పక్కింట్లో ఎవరో ఎండుమిరపకాయలు కాల్చారనుకున్నారు. తలుపు తీస్తే ఘాటు రెట్టింపైంది. కళ్లలో కారం కొట్టినట్టు మంట. "భాగో, భాగో" అంటూ వీధంతా కేకలు. పరిగెత్తేకొద్దీ రొప్పు, రొప్పేకొద్దీ విషం లోపలికి. తడిగుడ్డ ముఖానికి అడ్డం పెట్టుకోమని చెప్పే దిక్కు లేకపోయింది. 610 నంబరు ట్యాంకులోకి నీళ్లు చేరి, దాదాపు 40 టన్నుల విషం ఊరి మీద పడింది. హమీదియా ఆసుపత్రి డాక్టర్లకు విరుగుడేమిటో తెలియదు. కళ్లలో చుక్కలు వేసి పంపారు.

ప్రాణాలతో మిగిలిన వాళ్లకు ఊపిరితిత్తులు గట్టిపడ్డాయి, చూపు మసకబారింది. ఫ్యాక్టరీకి కిలోమీటరు లోపు ఉన్న 865 మంది గర్భిణులను పరిశీలిస్తే 43 శాతం గర్భాలు నిలవలేదని తేలింది. మనసు సంగతి అడిగేవాళ్లు రావడానికి మాత్రం ఎనిమిది వారాలు పట్టింది. 1985 ఫిబ్రవరి నుంచి పది క్లినిక్కుల్లో 855 మంది రోగులను మానసిక వైద్యులు పరీక్షించారు. 193 మందికి మానసిక రుగ్మత ఉంది. అందులో అత్యధికులు ఆడవాళ్లు.

ఆ క్యూలో నిలబడ్డ ఒకామెను ఊహించుకుందాం. "డాక్టర్ సాబ్, ఊపిరాడట్లేదు, గుండె దడదడలాడుతోంది, రాత్రిళ్లు నిద్ర లేదు." పోపులో మిరపకాయ కాస్త మాడినా చాలు, పొయ్యి మీద మూకుడు అలాగే వదిలేసి పిల్లల్ని లాక్కుని బయటికి పరిగెడుతుంది. గాబరా పడితే ఆయాసం ఎక్కువవుతుంది. ఆయాసం వస్తే ఆ రాత్రే మళ్లీ వచ్చిందనిపిస్తుంది. ఇందులో ఊపిరితిత్తి బాధ ఎంత, మనసు బాధ ఎంత అని విడదీయడం ఎవరి తరం? అలాంటి వాళ్లను పట్టుకుని పరిహారం కోసం నటిస్తున్నారని కూడా అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఎక్స్‌రే మీద మచ్చ కనిపిస్తుంది కానీ, భయం కనిపించదు కదా.

1989లో ప్రభుత్వానికీ యూనియన్ కార్బైడ్‌కూ మధ్య 47 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. చాలామంది చేతికి చివరికి అందింది 25 వేల రూపాయలు. ఏళ్ల తరబడి ఇన్‌హేలరుకు, మాత్రలకు అది ఏ మూలకు?

గ్యాసు బాధితుల కోసం భోపాల్‌లో 1996లో మొదలైన సంభావనా క్లినిక్‌లో అల్లోపతి, ఆయుర్వేద వైద్యంతోపాటు యోగా కూడా నేర్పిస్తూ వచ్చారు. మెల్లగా గాలి పీల్చి వదలడం ఆయాసానికీ మంచిదే, గాబరాకీ మంచిదే. ఇంత చిన్న విషయం ఆ మొదటి వారాల్లోనే ఎవరైనా వాళ్ల పక్కన కూర్చుని నేర్పి ఉంటే ఎంత బాగుండేది!

అదనపు పరిహారం కోరుతూ కేంద్రం వేసిన క్యూరేటివ్ పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2023 మార్చిలో కొట్టేసింది. మూడు నెలల తర్వాత కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్‌డియాగో పరిశోధకుల అధ్యయనం అచ్చయింది. భోపాల్ ప్రాంతంలో 1985లో పుట్టిన మగవాళ్లలో క్యాన్సర్, పనికి అడ్డొచ్చే వైకల్యం ఎక్కువగా ఉన్నాయని అందులో ఉంది. గ్యాసు లీకైన రాత్రికి వాళ్లలో చాలామంది ఇంకా తల్లుల కడుపులో ఉన్నారు.