అడవిలో పొలం గట్లు

మొన్న అక్టోబరులో మా నాన్న అమెరికాలో ఉన్న మా దగ్గరికి వచ్చారు. ఉయ్యూరు పక్క పల్లెలో నలభై ఏళ్ళు వరి, చెరకు, మినుము పండించిన మనిషి. ఆకుల రంగులు చూపిద్దామని, దారిలో నేను కూడా నాలుగు ఫొటోలు తీసుకుందామని ఆయన్ని బోస్టన్ నుంచి వెర్మాంట్‌కి కారులో తీసుకెళ్ళాను. పదకొండేళ్ళుగా ఏటా వెళ్ళే దారే అది. అయినా ఆ దారిలో ఏముందో నాకు తెలిసింది మాత్రం నాన్న అడిగిన ఒక్క ప్రశ్నతో.

ముందు రంగుల సంగతి. మన పంచాంగం ప్రకారం ఆకులు రాలేది శిశిరంలో. శరత్తంటే మనకు తేటపడ్డ ఆకాశం, పొట్ట మీదున్న వరి. ఇక్కడ శరత్తే ఆకురాలు కాలం. సెప్టెంబరు చివర కెనడా వైపు కొండల మీద మొదలై మెల్లగా దక్షిణానికి దిగుతుంది. పగలు కురచబడి రాత్రి చలి ముదిరేసరికి చెట్టు ఆకులోని పత్రహరితాన్ని విడగొట్టి, అందులోని సారాన్ని కొమ్మల్లోకి లాక్కుంటుంది. బిర్చి చెట్ల పసుపు అప్పుడు పుట్టింది కాదు, వేసవంతా పచ్చదనం చాటున ఉన్నదే. మేపుల్ ఎరుపు మాత్రం కొత్తది. ఆకులో చిక్కిన చక్కెరతో చెట్టు అప్పటికప్పుడు ఆ ఎరుపు తయారుచేసుకుంటుంది. అందుకే పగలు మంచి ఎండ, రాత్రి మంచి చలి పడిన ఏడాది కొండలు మండినట్టుంటాయి. బెజవాడలో మా బడి ఆవరణలో ఒక బాదం చెట్టుండేది. చలికాలంలో దాని ఆకులు ఈనెల దగ్గర పసుపుగా, అంచుల్లో ఎర్రగా మారేవి. ఏరుకుని పుస్తకాల్లో దాచుకునేవాళ్ళం. ఆ ఒక్క చెట్టు కొండలన్నిటి నిండా పరుచుకుంటే ఎలా ఉంటుందో, ఇక్కడి అక్టోబరు అలా ఉంటుంది.

కార్నిష్ అనే ఊరి దగ్గర కనెక్టికట్ నది దాటాం. అవతలి ఒడ్డు వెర్మాంట్, విండ్సర్ ఊరు. మధ్యలో 1866లో కట్టిన చెక్క వంతెన, దాదాపు 450 అడుగుల పొడవు. వానకూ మంచుకూ దూలాలు పుచ్చిపోకుండా దానికి ఇంటికి కప్పినట్టే పైకప్పు వేశారు. గుర్రాల్ని నడిపించుకు వెళ్ళండి, లేదంటే రెండు డాలర్ల జరిమానా అన్న పాత బోర్డు ఇప్పటికీ నెత్తి మీద వేలాడుతూనే ఉంది. పడమటి ఒడ్డు దాకా నది న్యూహాంప్‌షైర్‌దేనని 1933లో సుప్రీంకోర్టు తేల్చింది కాబట్టి వంతెన దాదాపు అంతా ఆ రాష్ట్రానిదే. కృష్ణ ఒడ్డున పుట్టిన మనిషికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేకపోయింది. "ఇక్కడా తప్పలేదన్నమాట" అన్నారు నాన్న.

విండ్సర్ చిన్న ఊరే, చరిత్ర మాత్రం పెద్దది. 1777లో అక్కడి ఒక సత్రంలో కూర్చుని వెర్మాంట్ వాళ్ళు సొంత రాజ్యాంగం రాసుకున్నారు. వయసొచ్చిన మనిషిని బానిసగా ఉంచుకోకూడదని అందులో రాశారు. 1791లో పద్నాలుగో రాష్ట్రంగా అమెరికాలో కలిసేదాకా వాళ్ళది విడి రాజ్యమే. అంతకు ముందు వేల ఏళ్ళుగా ఆ నేల అబెనాకి ప్రజలది. మేపుల్ చెట్టుకు గాటు పెట్టి, కారిన నీరు పట్టి, కాచి తీపి చేసుకోవడం తెల్లవాళ్ళు ఆదివాసుల దగ్గర నేర్చుకున్నదే. దారిలో ఒక పాకం వండే పాక దగ్గర ఆగాం. నలభై లీటర్ల నీరు కాస్తే ఒక లీటరు పాకం వస్తుందని విని, చెరకు గానుగ దగ్గర బెల్లం వండించిన నాన్న పొయ్యి చుట్టూ రెండుసార్లు తిరిగి, కట్టె ఎంత ఖర్చవుతుందని అడిగారు.

నేను మొదట చెప్పిన ప్రశ్న మాత్రం వెదర్స్‌ఫీల్డ్ దగ్గర వచ్చింది. ఒకచోట కారు ఆపి కాలిబాట పట్టుకుని అడవిలోకి నడిచాం. నేను పైకి, ఆకుల మీద పడే వెలుగు కేసి చూస్తున్నాను. నాన్న కిందికి చూస్తున్నారు. నడుమెత్తు రాళ్ళ గోడ ఒకటి సున్నం, మట్టి ఏమీ లేకుండా రాయి మీద రాయి పేర్చింది, చెట్ల మధ్య నుంచి తిన్నగా సాగిపోయింది. కొంత దూరం వెళ్ళి నలుచదరంగా మలుపు తిరిగింది. నాన్న రాళ్ళ మీది నాచు చేత్తో తుడిచి చూశారు.

"ఇది పొలం గట్టు కదమ్మాయ్. ఈ రైతులంతా ఏమయ్యారు?"

నేను అన్నేళ్ళుగా ఆ గోడల్ని ఫొటోలకి అందమనుకున్నాను. అవి నిజంగా గట్లే. ఆ అడవి అనాది అడవి కాదు. 1800ల నడిమి కాలానికి వెర్మాంట్‌లో చాలా భాగం చెట్లు నరికేసిన బోడికొండలు. గొర్రెలు మేసే నేల.

గొర్రెల కథకు మొదలు ఈ వెదర్స్‌ఫీల్డే. లిస్బన్‌లో అమెరికా కాన్సల్‌గా ఉన్న విలియం జార్విస్, నెపోలియన్ యుద్ధాల్లో స్పెయిన్ చెదిరిపోయిన అదను చూసి, అంతవరకూ ఆ దేశం బయటికి పోనివ్వని మెరీనో గొర్రెల్ని వేలల్లో కొన్నాడు. 1811లో ఈ ఊళ్ళో భూమి కొని ఒక మందను ఇక్కడికి తోలుకొచ్చాడు. మరుసటి ఏడు ఇంగ్లండుతో యుద్ధం వచ్చి అక్కడి బట్ట ఆగిపోయింది. ఇక్కడి ఉన్ని మిల్లులకు గిరాకీ పెరిగింది. అందరూ అడవి కొట్టి గొర్రెల్ని పెట్టారు. 1840 నాటికి వెర్మాంట్‌లో మనుషులు మూడు లక్షలకు లోపు, గొర్రెలు పదహారు లక్షల పైమాట. పూర్వపు హిమానీనదాలు వదిలిపోయిన రాళ్ళు ఏటా చలికి నేల గడ్డకట్టి కరిగినప్పుడల్లా పైకి తేలేవి. వాటిని ఎడ్లతో లాగించి పొలం అంచున పేర్చేవారు. 1871 నాటి కంచెల లెక్కను బట్టి వెర్మాంట్ ఉన్న న్యూ ఇంగ్లండు ప్రాంతం, న్యూయార్కు కలిపి అలాంటి గోడలు సుమారు 2,40,000 మైళ్ళు ఉండేవి. వేలికి గులకరాయి తగలని మన ఒండ్రుమట్టిలో పుట్టినవాళ్ళకి ఆ కష్టం ఊహకు కూడా అందదు.

తర్వాత వాళ్ళు ఎందుకు వెళ్ళిపోయారో నాన్నకు కర్ణాటకలోని సింధనూరు మాటతో చెప్పాను. తుంగభద్ర నీళ్ళొచ్చాక మన జిల్లాల రైతులు సొంతూళ్ళో ఎకరం అమ్మి అక్కడ నాలుగైదు ఎకరాలు కొని, సింధనూరు, గంగావతి చుట్టూ క్యాంపులు వేసుకున్నారు. మా చినతాత వాళ్ళలో ఒకరు. వెర్మాంట్ రైతుకు అలాంటి సింధనూరు ఒహాయో. 1825లో ఈరీ కాలువ తెరిచారు, ఆ వెనకే రైళ్ళు వచ్చాయి. పడమటి నేల మెత్తన, రాయి లేదు, ధర తక్కువ. 1846లో ఉన్ని మీద దిగుమతి సుంకం తగ్గించేసరికి గొర్రెల గిట్టుబాటు కూడా పోయింది. కుర్రవాళ్ళు బళ్ళు కట్టుకుని వెళ్ళిపోయారు. బీడు పడ్డ పొలాల్లో ముందు పైన్, వెనకే బిర్చి, మేపుల్ మొలిచాయి. ఇవాళ ఆ రాష్ట్రంలో నాలుగింట మూడు వంతులు అడవే.

సరిగ్గా అదే కాలంలో మన దగ్గర దానికి తలకిందులుగా జరిగింది. 1832–33 నందన కరువులో మన పల్లెలు పాడుబడ్డాయి. 1852లో బెజవాడ దగ్గర ఆనకట్ట మొదలుపెట్టి 1855లో పూర్తిచేశారు. కాలువలు పారిన చోటల్లా బీడు వరిచేలయింది. ఇక్కడ గట్లు అడవిలో కలిసిపోతున్న రోజుల్లోనే అక్కడ మా ముత్తాతలు గట్లు పోసుకున్నారు.

రెండో రోజు ఉడ్‌స్టాక్ వెళ్ళాం. జార్జి పెర్కిన్స్ మార్ష్ 1801లో పుట్టిన ఊరది. చెట్లు పోయిన కొండల మీద వాన పడితే వాగులు ఎలా విరుచుకుపడతాయో ఆయన చిన్నప్పుడే చూశాడు. అడవి నరికితే నీరూ నేలా రెండూ చెడతాయని 1864లో ‘మ్యాన్ అండ్ నేచర్’ అనే పుస్తకం రాశాడు. ఆయన పెరిగిన ఇంటిని 1869లో కొన్న ఫ్రెడరిక్ బిల్లింగ్స్ కూడా వెర్మాంట్ బిడ్డే. 1849లో బంగారం వేటలో కాలిఫోర్నియా వెళ్ళినవాళ్ళతో వెళ్ళి, అక్కడ లాయరుగా గడించి తిరిగొచ్చాడు. వచ్చి చూస్తే సొంత నేల బోడిగా ఉంది. మార్ష్ పుస్తకం చదివినవాడు గనక కొండ మీద చెట్లు నాటించాడు. 1890లో ఆయన పోయాక భార్యా, కూతుళ్ళూ ఆ పని సాగించారు. మనవరాలూ ఆమె భర్తా ఆ ఆస్తిని దేశానికి ఇచ్చేశారు. 1992లో అది జాతీయ పార్కు అయింది. బిల్లింగ్స్ నాటించిన నార్వే స్ప్రూస్ చెట్లు కొన్ని ఇప్పటికీ అక్కడున్నాయి. ఒకదాని మొదలు నాన్నకీ నాకూ కలిపి కౌగిలికి అందలేదు.

ఆ చెట్టు కింద నాన్న ఎక్కువ మాట్లాడలేదు. మా పొలం గట్టు మీద వరసగా ఉండే తాడిచెట్లు ఇప్పుడు లేవని మాత్రం అన్నారు. నేను ఊరికి పంపిన డబ్బుతో ఫ్లాటు కొన్నాను, స్థలం కొన్నాను. గట్టు మీద చెట్టు నాటాలని ఒక్కసారీ తోచలేదు. ఈ తొలకరికి కొబ్బరి మొక్కలు, కాలువ వైపు నాలుగు నేరేడు మొక్కలు పెట్టమని కౌలు రైతుతో మాట్లాడాం.

మీ పిల్లలు ఇటువైపు ఉంటే అక్టోబరు మొదటి పక్షంలో రండి. కొండల రంగులు తనివితీరా చూడండి, ఫొటోలు తీసుకోండి. తర్వాత ఏదో ఒక కాలిబాట దగ్గర కారు ఆపించి అడవిలోకి కొంచెం దూరం నడిచి, కింద చూడండి. గట్టు కనబడుతుంది.